సతీశ్ ధావన్ అడిగిన రెండు విషయాలు: మన అంతరిక్ష విధానం అక్కడే మలుపు తిరిగిందా?

పులికాట్_గట్టు:
అందరికీ నమస్కారం. మొన్న సూళ్లూరుపేటలో షేర్ ఆటో ఎక్కాను. పక్కన ఎనిమిదో తరగతి చదివే పిల్లాడు కూర్చున్నాడు. దారిలో శ్రీహరికోట రాకెట్ కేంద్రం బోర్డు చూసి, "సతీశ్ ధావన్ అంటే ఎవరండీ, రాకెట్ కనిపెట్టారా?" అని అడిగాడు. కాదు అన్నాను. మరి ఏం చేశారు అంటే వెంటనే చెప్పలేకపోయాను. ఇంటికొచ్చాక కూడా అదే ఆలోచన, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నాకు తెలిసింది ఇది. 1971 డిసెంబర్ 30న విక్రమ్ సారాభాయ్ కోవళంలో హఠాత్తుగా పోయారు. వయసు 52. ధావన్ అప్పటికి బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్, కానీ సెలవు మీద కాలిఫోర్నియాలో కాల్‌టెక్‌లో ఉన్నారు. ఇందిరాగాంధీ కబురు పంపారు, వచ్చి అంతరిక్ష కార్యక్రమం చేతిలోకి తీసుకోమని. ఆయన రెండు విషయాలు అడిగారు. ఒకటి, ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్ పదవి వదలను. రెండు, ప్రధాన కార్యాలయం బెంగళూరులో ఉండాలి. ఆమె రెండూ ఒప్పుకున్నారు.

పైకి చూస్తే ఇవి సొంత సౌకర్యం కోసం అడిగినట్టు ఉంటాయి. నాకు అలా అనిపించదు. మన దేశంలో ఒక శాఖ ఆఫీసు ఢిల్లీలో ఉంటే దాని బతుకు ఫైళ్ల చుట్టూ తిరుగుతుంది. బెంగళూరులో ఉంటే పక్కనే గాలి పరీక్షలు చేసే విండ్ టన్నెల్, పక్కనే విమానాలు తయారుచేసే హెచ్‌ఏఎల్, పక్కనే ఉపగ్రహం తయారయ్యే షెడ్డు. నిర్ణయం తీసుకునే మనిషి సాయంత్రానికి ఆ షెడ్డుకు వెళ్లి చూసి రావచ్చు. ఆర్యభట్ట తయారైంది బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో రేకుల షెడ్లలోనే. 1975 ఏప్రిల్ 19న సోవియట్ రాకెట్ మీద ఎగిరింది, 360 కిలోలు.

నా ఉద్దేశంలో ధావన్ కట్టింది రాకెట్టు కాదు, రాకెట్టు గురించి ఎవరు, ఎక్కడ కూర్చుని, ఎవర్ని అడిగి నిర్ణయించాలి అన్న పద్ధతి. విధానం నిర్ణయించే స్పేస్ కమిషన్, దాన్ని నడిపే అంతరిక్ష శాఖ 1972లో వచ్చాయి. అంతకుముందు ఇదంతా అణుశక్తి శాఖలో ఒక మూల. మీరేమంటారు?

గణితం_మాస్టారు:
పులికాట్ గారూ, మంచి చర్చ మొదలుపెట్టారు. కానీ రెండు చోట్ల సరిచేయాలి.

మొదటిది: సారాభాయ్ తర్వాత నేరుగా ధావన్ రాలేదు. మధ్యలో కొన్ని నెలలు భౌతిక శాస్త్రవేత్త ఎం.జి.కె. మీనన్ గారు ఇస్రోను చూశారు. స్పేస్ కమిషన్, అంతరిక్ష శాఖ ఏర్పడింది 1972 జూన్ 1న. ధావన్ బాధ్యతలు తీసుకుంది సెప్టెంబర్‌లో. కాబట్టి ఆ చట్రం మొత్తం ఆయన గీసిందే అనడం సరికాదు.

రెండోది నాకు ముఖ్యం. విధానం అన్న మాటకు అసలు అర్థం చెప్పింది సారాభాయే. ఆకలితో ఉన్న దేశానికి రాకెట్లెందుకు అని అడిగేవాళ్లు అప్పుడూ ఉన్నారు. చంద్రుడి మీదికి పోటీపడి మనుషుల్ని పంపడం మన లక్ష్యం కాదు, ఈ సాంకేతికతను మన జనం సమస్యలకు వాడుకోవడంలో మాత్రం ఎవరికీ తీసిపోకూడదు అన్నది ఆయన జవాబు సారాంశం. 1970లోనే పదేళ్ల ప్రణాళిక రాసిపెట్టారు. అదే సమయంలో శాస్త్రవేత్త పిషరోటి గారి బృందం కేరళలో హెలికాప్టర్ ఎక్కి, పరారుణ ఫిల్ముతో కొబ్బరితోటల ఫొటోలు తీసింది, వేరు తెగులు ఎక్కడెక్కడ ఉందో పైనుంచి పట్టుకోవడానికి. పైనుంచి నేలను పరిశీలించే రిమోట్ సెన్సింగ్‌కు మన దగ్గర అది తొలి అడుగు. కొబ్బరి చెట్టుతో మొదలైంది చూడండి, ఆ ఆలోచన ఎవరిది? శ్రీహరికోటను 1969లో ఎంపిక చేసింది కూడా ఆయన కాలంలోనే. 1971 అక్టోబర్ 9న అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్టు ఎగిరింది, ఆయన పోవడానికి మూడు నెలల ముందు.

శ్రీహరికోట కేంద్రానికి ధావన్ పేరు ఉంది కాబట్టి అంతా ఆయనదే అనుకోకూడదు.

పులికాట్_గట్టు:
మాస్టారూ, జూన్ - సెప్టెంబర్ తేడా నేను గమనించలేదు, ఒప్పుకుంటున్నాను. చట్రం ప్రభుత్వం వేసింది. కానీ చట్రం వేయగానే పని అయిపోదు కదా. కేరళలోని తుంబాలో అప్పటికి విడివిడిగా నడుస్తున్న యూనిట్లను కలిపి విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం చేసి, దానికి బ్రహ్మప్రకాశ్ గారిని డైరెక్టరుగా తెచ్చింది ధావనే. ఆయన లోహశాస్త్రం మనిషి, హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌కు పునాది వేసినవాళ్లలో ఒకరు. రాకెట్ల అనుభవం ఉన్న మనిషి కాదు. అయినా ఆయన్నే ఎంచుకున్నారు, పెద్ద సంస్థను నడిపిన చేయి అని. అహ్మదాబాద్‌లో యశ్‌పాల్, బెంగళూరులో యు.ఆర్. రావు. ఎవరి కేంద్రం వాళ్లు నడుపుకోవాలి, లెక్క మాత్రం ఒకచోట చెప్పాలి. కల సారాభాయ్‌ది, నిజమే. ఆ మనిషి పోయాక కల మిగలాలంటే ఏం కావాలో అది ధావన్ చేశారు.

షార్_పిల్ల:
మా నాన్న శ్రీహరికోటలో డ్రైవరు. నాకు పెద్ద విషయాలు తెలియవు, కానీ 1979 ఆగస్టు 10 గుర్తుంది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. పొద్దున ఎనిమిది లోపే, ఉపగ్రహాన్ని మోసుకెళ్లే మన సొంత రాకెట్టు ఎస్‌ఎల్‌వీ-3 లేచింది. మేం సూళ్లూరుపేటలో డాబా మీద నిలబడి చూశాం, తెల్లటి గీత కనిపించింది, అందరం చప్పట్లు కొట్టాం. అమ్మ అప్పటికే పరమాన్నం వండి పెట్టింది. మధ్యాహ్నానికి తెలిసింది, సముద్రంలో పడిపోయిందని. నాన్న రాత్రి వచ్చి పాసు మేకుకు తగిలించి, చొక్కా కూడా విప్పకుండా అరుగు మీద కూర్చున్నాడు. పరమాన్నం ఎవరూ ముట్టుకోలేదు. మర్నాడు అమ్మ దాన్ని గేదె కుడితిలో కలిపేసింది.

ఆ రోజు జరిగిన ఇంకో విషయం తర్వాత కలాం గారే ఎన్నోసార్లు చెప్పారు. ప్రాజెక్టు డైరెక్టరు ఆయన. పత్రికలవాళ్లు కాచుకుని ఉన్నారు. ధావన్ గారు కలాంను పక్కన కూర్చోబెట్టుకుని తానే మాట్లాడారు, బాధ్యత తనదన్నారు, వచ్చే ఏడాది సాధిస్తామన్నారు. 1980 జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి వెళ్లింది. 35 కిలోలే కానీ మన రాకెట్టు, మన నేల. ఆ రోజు మాత్రం నువ్వే వెళ్లి మాట్లాడు అని కలాంను పంపారు.

దీన్ని విధానం అంటారో లేదో మీరే చెప్పాలి. మా నాన్న మాత్రం రిటైరయ్యేదాకా ఒకటే అనేవాడు: "ఆ రోజు పెద్దాయన మా మీదకు రానివ్వలేదమ్మా." డ్రైవరు మీదకు ఏం వస్తుంది, ఏమీ రాదు. అయినా "మా" అనేవాడు.

గణితం_మాస్టారు:
అమ్మా, మీరు రాసింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. అది విధానమే. రెండో అంచె నియంత్రణ వ్యవస్థలో నైట్రిక్ ఆమ్లం లీకై ఆ రాకెట్టు పోయిందని లెక్క తేల్చగలిగారంటే, నిజం చెబితే ఉద్యోగం పోదని కింద ఉన్నవాళ్లకు నమ్మకం ఉండబట్టే. భయం ఉన్నచోట లీకు కాగితం మీదకు రాదు.

దివిసీమ_కోటి:
విధానం, కమిషన్, ప్రధాన కార్యాలయం... మీరంతా ఇస్రో లోపలి నుంచి చూస్తున్నారు. నేను బయట నుంచి, మా ఊరి నుంచి చెబుతాను.

1977 నవంబర్ 19. మా దివిసీమలో ఉప్పెన. లెక్కల్లో పదివేల మంది అంటారు, మా వైపు ఎవర్నడిగినా అంతకంటే ఎక్కువే చెబుతారు. రేడియోలో తుఫాను అన్నారు, అవును. కానీ ఎక్కడికి వస్తుంది, ఎప్పుడు వస్తుంది, ఇల్లు వదలాలా వద్దా, ఇవేవీ మాకు తెలియలేదు. ప్రతి ఏడూ తుఫాను అంటారు కదా అని మా తాత కదల్లేదు. మా నాయనమ్మ తాటిచెట్టుకు చీరతో కట్టుకుని బతికింది. చచ్చేదాకా ఆమె అరచేతుల్లో ఆ బెరడు గీతలు ఉన్నాయి, నేను చిన్నప్పుడు వేలితో తడిమేవాణ్ని.

1990 మే నెల. మళ్లీ మా కృష్ణాజిల్లా తీరమే, చాలా పెద్ద తుఫాను. ఈసారి పోయినవాళ్లు వెయ్యి లోపు. అది తక్కువని అనను, ఆ ఇళ్లవాళ్లకు తక్కువ కాదు. కానీ పదివేలెక్కడ, వెయ్యి ఎక్కడ.

తేడా ఎక్కడ వచ్చింది? మా మండలాఫీసులో ఒక పెట్టె ఉండేది. ఉపగ్రహం నుంచి నేరుగా దానికి కబురు వచ్చేది. ముందు సైరన్ మోగేది, తర్వాత తెలుగులో హెచ్చరిక. తీగలు తెగినా, స్తంభాలు కూలినా దానికి సంబంధం లేదు. 90లో ఆ సైరన్ విని మండలాఫీసు జీపు మా ఊరు రెండుసార్లు వచ్చింది. లక్షల మందిని ముందే తరలించారు. మా నాయనమ్మ అందరికంటే ముందు మూట కట్టుకుని లారీ ఎక్కింది.

ఆ ఉపగ్రహాలు ఇన్సాట్‌వి. నేను తర్వాత చదివి తెలుసుకుంది ఏమిటంటే, ఫోన్లు, టీవీ, వాతావరణం మూడూ ఒకే ఉపగ్రహంలో పెట్టాలన్నది అప్పటికి ప్రపంచంలో ఎవరూ చేయని పని. ఎందుకు పెట్టారు? మనకు మూడు ఉపగ్రహాలకు డబ్బు లేదు కాబట్టి. దానికోసం ఫోన్లు కూడా చూసే తపాలా శాఖను, దూరదర్శన్‌ను, వాతావరణ శాఖను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ప్రభుత్వ శాఖలు ఒకదాని మాట ఒకటి వినడం ఎంత కష్టమో ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకు తెలుసు. ధావన్ గారి గురించి అడిగితే నేను ఆ బల్ల గురించే చెబుతాను.

బాలానగర్_లేత్:
కోటి గారి పోస్టుకు దండం. ఒక్క మాట కలుపుతాను. ఇన్సాట్-1ఏ 1982 ఏప్రిల్‌లో వెళ్లి సెప్టెంబర్‌కే పాడైంది. ఇన్సాట్-1బి 1983 ఆగస్టు 30న చాలెంజర్ షటిల్‌లో వెళ్లింది, అది నిలబడింది. రెండూ అమెరికాలో ఫోర్డ్ కంపెనీవాళ్లు కట్టినవి. మరి ఇది స్వావలంబన ఎలా అని అప్పట్లో అడిగినవాళ్లున్నారు. దానికి జవాబు యాపిల్ ఉపగ్రహం. 1981లో యూరప్‌వాళ్ల ఏరియన్ పరీక్ష రాకెట్టు మీద చోటు దొరికితే, ఆ కొద్ది వ్యవధిలో మనవాళ్లే కట్టి పంపారు. ఎద్దుల బండి మీద ఉన్న ఆ ఫొటో అందరూ చూసే ఉంటారు. డబ్బుల్లేక బండి ఎక్కించారని చాలామంది అనుకుంటారు. అది కాదు. యాంటెన్నా పరీక్షకు చుట్టూ లోహం ఉండకూడదు, చెక్క బండి కావాలి, అందుకని. జనానికి ఇప్పుడే కావాల్సింది కొనుక్కో, పక్కనే నీ చేత్తో చేయడం నేర్చుకో. రెండూ ఒకేసారి నడిపించడం ధావన్ గారి లెక్క.

ఇక నా పని సంగతి. నేను ముప్పై ఏళ్లు బాలానగర్‌లో చిన్న మెషిన్ షాపులో చేశాను. పేరు వద్దు. మాకు రాకెట్ల కోసం రింగులు చేసే ఆర్డర్లు వచ్చేవి. అంతా సొంత గోడల మధ్యే చేసుకోకుండా బయట పరిశ్రమలకు పని అప్పజెప్పాలి, నేర్పించాలి అన్నది ధావన్ కాలంలో గట్టిపడిన పద్ధతి. మా దాకా వచ్చేసరికి అదెలా ఉండేదంటే, డ్రాయింగుతో పాటు ఒక మనిషి వచ్చేవాడు. మొదటి రింగు నేనే తిప్పాను. కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆయన గోటితో అంచు మీద అలా రాసి చూసి పక్కన పెట్టేశాడు. కంటికి కనపడని గీత. నాకు కోపం వచ్చింది, రెండు రోజుల పని అది. ఆయన కోప్పడలేదు, టూలు తీయించి, దాని మొనను లెన్సులో నాకే చూపించాడు. చిన్న పెచ్చు లేచి ఉంది. ఆ రోజు నుంచి షాపులో ప్రతి టూలు లెన్సు కింద చూడందే బిగించలేదు, ట్రాక్టరు పార్టుకైనా సరే.

డబ్బు ఆ ఆర్డర్లలో పెద్దగా మిగిలేది కాదు. పని మిగిలింది చేతిలో.

నల్లమల_నీలిమ:
అందరూ మంచి వైపే చెబుతున్నారు, అవన్నీ నిజమే కూడా. కానీ శ్రీహరికోట గురించి మాట్లాడేటప్పుడు యానాదుల పేరు ఒక్కసారైనా రావాలి. ఆ దీవిలో తరతరాలుగా ఉన్నది వాళ్లు. అడవిలో దొరికేది, పులికాట్‌లో చేపలు, కట్టె, తేనె, మందు మొక్కలు, అదే జీవనం. తూర్పు తీరం కావాలి, భూమి తిరిగే వేగం కలిసి రావాలి, ముందు సముద్రమే ఉండాలి, జనం పలచగా ఉండాలి అని కోటను ఎంచుకున్నారు. ఈ నాలుగో మాట దగ్గరే నేను ఆగిపోతాను. పలచగా ఉన్నారంటే లేరని కాదు. చాలా కుటుంబాలు దీవి వదలాల్సి వచ్చింది.

కోటి గారు చెప్పిన బల్ల గొప్పది. ఫోన్ల శాఖ ఉంది, టీవీ ఉంది, వాతావరణం ఉంది. యానాదికి అక్కడ కుర్చీ లేదు. శాస్త్రవేత్త విధానం రాస్తే ఎవరి సమస్య ఆయన కంటికి ఆనుతుందో అదే కాగితం మీదకు వస్తుంది. ధావన్ మీద నాకు గౌరవం ఉంది, సారాభాయ్ మీదా ఉంది. అందుకే అడుగుతున్నాను, ఇది కూడా ఆ పిల్లాడికి చెప్పాలి కదా?

పులికాట్_గట్టు:
చెప్పాలి నీలిమ గారూ. ఈ వైపు పుట్టినవాణ్ని, నేనే ముందు రాయాల్సింది. మా ఇంటికి చేపలు తెచ్చే యానాది అవ్వ "కోట లోపల మా అమ్మ చెట్టు ఉంది" అనేది. చెట్టంటే ఏమిటో చిన్నప్పుడు అర్థం కాలేదు, వాళ్ల దేవతను పెట్టుకున్న చోటు అని తర్వాత తెలిసింది. మాస్టారు ఏమంటారో గానీ, నా మొదటి పోస్టులో "ఎవర్ని అడిగి నిర్ణయించాలి" అని రాశాను. ఆ మాట మీరు సరిగ్గా పట్టుకున్నారు.

రాకెట్_రేవంత్:
నమస్తే అండీ, నేను బీటెక్ మూడో ఏడాది, ఏరోస్పేస్. ఇదంతా చదువుతుంటే ఒక డౌట్. ధావన్ గారి కాలం నుంచి ఇస్రో ఛైర్మన్, స్పేస్ కమిషన్ ఛైర్మన్, అంతరిక్ష శాఖ కార్యదర్శి, ముగ్గురూ ఒకే మనిషి. పని చేసేదీ ఆయనే, ఎలా చేయాలో చెప్పేదీ ఆయనే, సరిగ్గా చేశారా అని చూసేదీ ఆయనే. ధావన్ గారిలాంటి మనిషి ఉంటే సరే. ప్రతిసారీ అలాంటి మనిషే వస్తాడని ఏమిటి గ్యారంటీ?

2020లో ప్రైవేటు కంపెనీలకు అనుమతులిచ్చే ఇన్-స్పేస్ అనే సంస్థను ప్రకటించారు, 2023లో ఇండియన్ స్పేస్ పాలసీ వచ్చింది. అందులో ఇస్రో పరిశోధన మీద దృష్టి పెట్టాలి, తయారీ, సేవలు ప్రైవేటుకు వెళ్లాలి, అనుమతులు ఇన్-స్పేస్ చూడాలి అని పనులు విడదీశారు. 2022 నవంబర్ 18న హైదరాబాద్ ప్రైవేటు కంపెనీ స్కైరూట్ వాళ్ల విక్రమ్-ఎస్ రాకెట్టు శ్రీహరికోట నుంచే ఎగిరింది. మా క్లాసులో ఆ రోజు పాఠం ఆపేసి అందరం చూశాం. అంటే ధావన్ గారు కట్టిన పద్ధతిని ఇప్పుడు విప్పుతున్నట్టా, ముందుకు తీసుకెళ్తున్నట్టా?

బాలానగర్_లేత్:
బాబూ, మంచి ప్రశ్న. పనిచేసే చేయి వేరు, కొలిచే చేయి వేరు ఉండాలని షాపులో మేమూ నేర్చుకున్నాం. నేను తిప్పిన రింగును నేనే పాస్ చేసుకుంటే ఆ గీత ఎవరికీ కనపడేది కాదు. కాబట్టి విడదీయడం తప్పు కాదు. కానీ ఆ వచ్చే ఇన్స్పెక్టరుకు పని తెలిసి ఉండాలి, లెన్సు చూపించే ఓపిక ఉండాలి. కేవలం సంతకం పెట్టేవాడు వస్తే పాతదే నయం.

గణితం_మాస్టారు:
రేవంత్, 1972ని 1972లోనే పెట్టి చూడాలి. అప్పుడు దేశంలో రాకెట్టు గురించి తెలిసినవాళ్లు ఎంతమంది? విడదీయడానికి మనుషులెక్కడ? ముగ్గురి కుర్చీ ఒకరికివ్వడం వల్ల రాకెట్టు తెలిసిన మనిషే ప్రధానమంత్రితో నేరుగా మాట్లాడగలిగాడు. ఆ దగ్గరి దారి లేకపోతే ఎస్‌ఎల్‌వీ పడిపోయిన ఏడాదే కార్యక్రమం మీద కత్తెర పడేదేమో అని నాకనిపిస్తుంది. అది నా ఊహ మాత్రమే.

ఇంకొకటి. నేను మొదట సారాభాయ్ పక్షాన గట్టిగా మాట్లాడాను. ఇప్పుడు కోటి గారు, షార్ అమ్మాయి రాసింది చదివాక కొంచెం సర్దుకుంటున్నాను. సైట్ ప్రయోగం గుర్తుందా? 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు, ఆరు రాష్ట్రాల్లో 2400 ఊళ్లకు అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా టీవీ. అందులో మన ఆంధ్రప్రదేశ్ ఊళ్లూ ఉన్నాయి. నేను అప్పుడు కొత్తగా పనిలో చేరిన టీచర్ని. మా బడి కప్పు మీద కోళ్ల గూటికి వాడే వలతో చేసిన పది అడుగుల గొడుగులాంటి యాంటెన్నా పెట్టారు. సాయంత్రం ఊరంతా బడి ముందు చేరేది. పొలం పనులు, ఆరోగ్యం గురించి తెలుగులో చెబుతుంటే ఆడవాళ్లు కూడా వచ్చి కూర్చునేవారు, అప్పటిదాకా ఊళ్లో ఏ సభకూ రానివాళ్లు. ఒప్పందం కుదిరింది 1969లో, సారాభాయ్ కాలంలో. గొడుగు మా కప్పెక్కింది ధావన్ కాలంలో. ఏడాది అయ్యాక ఉపగ్రహాన్ని వాళ్లు పక్కకు జరుపుకున్నారు. టీవీ ఆగిపోయింది. చీకటి పడ్డాక పిల్లలు వచ్చి "మాస్టారూ, ఇవాళ కూడా రాదా?" అని అడిగేవారు. చాలా రోజులు అడిగారు. సొంత ఉపగ్రహం ఎందుకో నాకు అర్థమైంది అక్కడే, ఏ పుస్తకంలోనూ కాదు.

దివిసీమ_కోటి:
మాస్టారూ, ఆ గొడుగు ఫొటో ఏమైనా ఉంటే పెట్టండి.

గణితం_మాస్టారు:
లేదు నాయనా. అప్పట్లో మా దగ్గర కెమెరా ఎక్కడిది. వల తుప్పు పట్టాక ఎవరో పాదుకు పందిరిగా వేసుకున్నారు.

షార్_పిల్ల:
పులికాట్ అన్నా, ఆ పిల్లాడు మళ్లీ కనిపిస్తే ఒకటి చెప్పండి. ధావన్ గారికి పక్షులంటే ప్రాణం. కోటకు వచ్చినప్పుడు పులికాట్ ఒడ్డున నిలబడి కొంగలు, పెలికాన్లు ఎలా ఎగురుతాయో చూస్తుండేవారు. పదవి దిగాక పక్షులు ఎగిరే తీరు మీద పుస్తకమే రాశారు. నాన్న ఒకసారి జీపు ఆపి చాలాసేపు వెయిట్ చేశాడట, ఆయన నీళ్ల వైపు చూస్తూ నిలబడితే. ఎవరూ పిలవలేదట.

పులికాట్_గట్టు:
తప్పకుండా చెబుతాను చెల్లీ. నీలిమ గారు చెప్పిందీ, ఇదీ రెండూ. ఇక్కడి నేలపట్టు పక్షుల కేంద్రానికి పెలికాన్లు రావడం మొదలైతే ఇక్కడ రాస్తాను, రావాలనుకునేవాళ్లు రండి. సూళ్లూరుపేటలో దిగితే మిగతా దారి నేను చూసుకుంటాను.